వెలుగు కోసం వేసిన తీగ నిప్పు కారాదు

వాహనాలకు అదనపు లైట్లు బిగించుకునేవారు తెలుసుకోవాల్సిన సంగతులు
రిలే, ఫ్యూజు లేకుంటే ముప్పు.. ఎదుటివారి కళ్లకూ రక్షణ అవసరం

లింగంపల్లి: అర్ధరాత్రి దాటినా లింగంపల్లి రోడ్లు ఖాళీగా ఉండవు. ఐటీ కంపెనీల రాత్రి షిఫ్టులకు ఉద్యోగులను చేరవేసే క్యాబులు, పటాన్‌చెరు వైపు సాగే లారీలు, రైల్వేస్టేషను వద్ద ప్రయాణికుల కోసం వేచి ఉండే ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. కంపెనీ ఇచ్చిన హెడ్‌లైట్లు చాలవని కార్ల బంపర్లపై, మోటారు సైకిళ్ల హ్యాండిళ్ల కింద మరో రెండు లైట్లు బిగించుకునేవారు వీరిలో ఉన్నారు. వెలుగు పెరిగితే ప్రమాదం తగ్గుతుందన్నది వాహన యజమానుల నమ్మకం. అది సగమే నిజం. లైటు ఎంత మంచిదైనా దానికి వేసిన వైరింగ్ సరిగా లేకపోతే వాహనానికే నిప్పంటుకోవచ్చు. వైరింగ్ సరిగా ఉన్నా వాడకం తెలియకపోతే ఎదురుగా వచ్చేవారి ప్రాణం మీదకు రావచ్చు.

అందుకే లైటు ఎంపికపై పెట్టినంత శ్రద్ధ తీగపైనా, స్విచ్‌పైనా పెట్టాలి. కొద్దిపాటి అవగాహన ఉంటే దుకాణంలో జరుగుతున్న పని సరైనదో కాదో వాహనదారుడే తేల్చుకోవచ్చు.

అవసరం ఎవరికి?

గచ్చిబౌలి, మాదాపూర్ వంటి ఐటీ ప్రాంతాల్లోని ప్రధాన రహదారులకు వీధి దీపాలున్నాయి. ఔటర్ రింగ్ రోడ్డుపైనా దీపాలు వచ్చాయి. ఈ పరిధిలోనే తిరిగే వాహనానికి అదనపు లైట్లతో పని లేదు. లింగంపల్లి నుంచి సంగారెడ్డి దాటి జహీరాబాద్ వైపు 65వ నంబరు జాతీయ రహదారిపై రాత్రివేళ వెళ్లేవారికి, దీపాలు లేని పల్లె దారుల్లో తిరిగేవారికి మాత్రం ఇవి ఉపకరిస్తాయి. పశువులు, రిఫ్లెక్టర్లు లేని ట్రాక్టర్ ట్రాలీలు, రోడ్డు పక్కన ఆగిన లారీలు ముందుగానే కంటపడతాయి.

అదనపు లైట్లన్నీ ఒకటి కావు. దూరాన్ని చూపేవి డ్రైవింగ్ లైట్లు. వీటి కాంతి సన్నగా, సూటిగా చాలా దూరం పోతుంది. హైబీమ్‌కు తోడుగా మాత్రమే ఇవి వెలగాలి. ఫాగ్ లైట్ల తీరు వేరు. వీటిని నేలకు దగ్గరగా బిగిస్తారు. కాంతి పైకి లేవకుండా వెడల్పుగా పరచుకుని రోడ్డు అంచులను చూపుతుంది. పొగమంచులో హైబీమ్ వేస్తే ఆ కాంతి నీటి బిందువులపై పడి డ్రైవరు కళ్లలోకే తిరిగి వస్తుంది. కింద నుంచి వచ్చే వెలుగుకు ఆ ఇబ్బంది తక్కువ. పసుపు రంగు కాంతి పొగమంచును చీల్చుకుపోతుందన్న మాట ప్రచారంలో ఉంది. నిజానికి రంగు కన్నా లైటు ఎత్తు, కాంతి పరచుకునే తీరే ముఖ్యం.

అసలు తప్పు ఇక్కడే

కొత్త లైట్లను బిగించేటప్పుడు కొందరు సులువైన దారి ఎంచుకుంటారు. హెడ్‌లైటుకు వెళ్లే తీగను మధ్యలో గీరి, దానికే కొత్త లైట్ల తీగను చుట్టి, పైన ఇన్సులేషన్ టేపు వేస్తారు. లైటు వెలుగుతుంది. పని పది నిమిషాల్లో పూర్తవుతుంది. ప్రమాదానికి బీజం పడేది కూడా అక్కడే.

లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. కార్లలో ఎక్కువగా వాడిన హెచ్4 హాలోజన్ బల్బు హైబీమ్‌లో 60 వాట్లు తీసుకుంటుంది. రెండింటికీ కలిపి 120 వాట్లు. కంపెనీ వేసిన తీగ, స్విచ్, ఫ్యూజు ఆ భారానికి తగినట్టే ఉంటాయి. దానికి 55 వాట్ల అదనపు లైట్లు రెండు కలిపితే భారం 230 వాట్లకు చేరుతుంది. 12 వోల్టుల వ్యవస్థలో 120 వాట్లకు 10 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తే, 230 వాట్లకు 19 ఆంపియర్లు ప్రవహిస్తుంది. అంటే దాదాపు రెట్టింపు.

మొదట ఫ్యూజు ఎగిరిపోతుంది. అది హెచ్చరిక. దాన్ని అర్థం చేసుకోకుండా 15 ఆంపియర్ల ఫ్యూజు తీసి 30 ఆంపియర్లది పెట్టేవారున్నారు. ఫ్యూజు బదులు రాగి తీగపోగు చుట్టేవారూ ఉన్నారు. ఆ తర్వాత ఎగిరిపోవడానికి ఫ్యూజు ఉండదు. మిగిలేది తీగ ఒక్కటే. అది వేడెక్కి, పైనున్న ప్లాస్టిక్ తొడుగు మెత్తబడి, పక్క తీగకో, ఇనుప బాడీకో తగిలితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. కారు బ్యాటరీ ఆ క్షణంలో వందల ఆంపియర్ల విద్యుత్తును వదలగలదు. బానెట్ కింద ఆయిల్ మరకలు, రబ్బరు గొట్టాలు, ఇంధనం పైపులు ఉంటాయి. మంట రాజుకోవడానికి ఎక్కువ సమయం పట్టదు.

అదనపు లైట్లు వద్దనుకుని హెడ్‌లైటులోనే 60 వాట్ల బల్బు తీసి 100 వాట్లది పెట్టించుకునేవారికీ ఇదే ముప్పు ఉంది. హోల్డరు కరిగిపోవడం, లైటు లోపలి అద్దం మెరుపు మాసిపోవడం దాని లక్షణాలు.

సన్నని తీగ.. మసక వెలుగు

తీగ మందానికీ వెలుగుకూ నేరుగా సంబంధం ఉంది. రెండు 55 వాట్ల లైట్లకు కలిపి సుమారు 9 ఆంపియర్ల విద్యుత్తు కావాలి. బ్యాటరీ నుంచి లైటు వరకు 4 మీటర్ల రాగి తీగ పట్టిందనుకుందాం. అది అర చదరపు మిల్లీమీటరు తీగ అయితే దారిలోనే సుమారు 1.3 వోల్టులు పోతాయి. దాదాపు 12 వాట్ల శక్తి తీగను వేడి చేయడానికే ఖర్చవుతుంది. అదే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది పావు వోల్టు మాత్రమే.

హాలోజన్ బల్బుకు వోల్టేజీ కొద్దిగా తగ్గినా వెలుగు ఎక్కువగా తగ్గుతుంది. 12 వోల్టుల్లో 1.3 వోల్టులు తగ్గితే వెలుగులో సుమారు మూడో వంతు పోతుంది. వేలు పోసి కొన్న లైటు మసకగా వెలిగితే దోషం లైటుది కాకపోవచ్చు. సన్నని తీగది కావచ్చు. ఇంటి వైరింగ్‌లో మిగిలిన తీగ ముక్కలను వాహనాలకు వాడరాదు. వేడికీ, ఆయిల్‌కూ, కుదుపులకూ తట్టుకునే వాహనాల తీగనే ఎంచుకోవాలి.

రిలే చేసే పని

ఎక్కువ విద్యుత్తు తీసుకునే లైట్లను చిన్న స్విచ్‌తో నడిపించే సాధనమే రిలే. అగ్గిపెట్టె కన్నా చిన్నదైన ఈ డబ్బాలో ఒక రాగి తీగ చుట్ట ఉంటుంది. దానిలో విద్యుత్తు ప్రవహిస్తే అది అయస్కాంతంగా మారి లోపలి ఇనుప రేకును లాగుతుంది. రేకు అతుక్కోగానే బ్యాటరీ నుంచి లైట్లకు దారి తెరుచుకుంటుంది. అప్పుడు వినిపించే ‘టిక్’ శబ్దం అదే.

తీగ చుట్టకు కావాల్సింది 0.15 నుంచి 0.2 ఆంపియర్ల విద్యుత్తు మాత్రమే. డ్యాష్‌బోర్డుపై స్విచ్‌కు, హెడ్‌లైటు తీగకు పడే భారం అంతే. లైట్లకు కావాల్సిన 9 ఆంపియర్లు బ్యాటరీ నుంచి వేరే లావుపాటి తీగలో నేరుగా వెళ్తాయి. కంపెనీ వైరింగ్‌కు భారం ఉండదు.

రిలే కాళ్లపై 30, 85, 86, 87 అనే అంకెలుంటాయి. జర్మనీ ప్రమాణాల నుంచి వచ్చిన ఈ అంకెలను అనేక దేశాల్లో వాడుతున్నారు. వీటి అర్థం తెలిస్తే వైరింగ్ సగం తెలిసినట్టే.

30: బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే లావుపాటి తీగ.
87: ఇక్కడి నుంచి లైట్లకు వెళ్లే తీగ.
86: హైబీమ్ తీగ నుంచి డ్యాష్‌బోర్డు స్విచ్ మీదుగా వచ్చే సన్నని తీగ.
85: ఎర్త్, అంటే బాడీకి కలిపే తీగ.

కొన్ని రిలేల్లో 87ఏ అనే ఐదో కాలు ఉంటుంది. రిలే పని చేయనప్పుడు దానికి విద్యుత్తు అందుతుంది. పొరపాటున లైట్ల తీగను దానికి కలిపితే స్విచ్ ఆపినప్పుడు లైట్లు వెలుగుతాయి. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది.

ఫ్యూజు ఎక్కడ పెట్టాలి?

ఫ్యూజును లైటును కాపాడేదిగా భావించడం పొరపాటు. అది కాపాడేది తీగను. కాబట్టి దాని స్థానం లైటు దగ్గర కాదు, బ్యాటరీ దగ్గర. బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరం లోపే ఫ్యూజు ఉండాలి. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న తీగ ముక్కకు ఎటువంటి రక్షణా ఉండదు. ఆ ముక్క ఎంత చిన్నదైతే అంత మంచిది.

రెండు 55 వాట్ల హాలోజన్ లైట్లకు 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. అది నీలం రంగులో ఉంటుంది. 20 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు రెండింటికి సుమారు మూడున్నర ఆంపియర్లే కావాలి కాబట్టి 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ఫ్యూజు ఎగిరిపోతే కారణం వెతకాలి గానీ పెద్ద ఫ్యూజు పెట్టరాదు.

బిగించే క్రమం

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పాలి. పని పూర్తయ్యాక చివరగా దాన్నే బిగించాలి. ముందుగా లైట్లను గట్టి ఇనుప పట్టీపై అమర్చాలి. రేడియేటరుకు గాలి అందే దారిని అడ్డుకోరాదు. రిలేను బ్యాటరీకి దగ్గరలో, నీరు పడని చోట, కాళ్లు కిందికి ఉండేలా బిగించాలి. అలా చేస్తే నీరు లోపల నిలవదు.

తీగలను ముడతల గొట్టంలో పెట్టి, కంపెనీ వైరింగ్ వెళ్లే దారిలోనే తీసుకెళ్లి టైలతో కట్టాలి. సైలెన్సరుకు, తిరిగే ఫ్యానుకు, స్టీరింగ్ భాగాలకు దూరంగా ఉంచాలి. డ్యాష్‌బోర్డులోకి వెళ్లేచోట రేకు రంధ్రానికి రబ్బరు బుష్ తప్పనిసరి. లేకుంటే రేకు అంచు కొన్ని నెలల్లోనే తీగ తొడుగును కోసేస్తుంది. తీగలను మెలితిప్పి టేపు చుట్టడం కాకుండా, క్రింపింగ్ పట్టకారుతో కనెక్టర్లు బిగించి ష్రింక్ గొట్టం తొడిగితే అతుకు మన్నుతుంది. బానెట్ కింద వేడికి టేపు జిగురు కరిగి ఊడిపోతుంది.

అంతా అయ్యాక ఇంజిను నడుస్తుండగా లైట్లు వేసి 15 నిమిషాలు ఆగాలి. తర్వాత ఫ్యూజు హోల్డరును, రిలే కాళ్ల దగ్గర తీగలను, అతుకులను చేతితో తాకి చూడాలి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేయి పెట్టలేనంత వేడి ఉంటే అక్కడ లోపం ఉన్నట్టే. మల్టీమీటరుతో బ్యాటరీ వద్ద, లైటు వద్ద వోల్టేజీ కొలవాలి. రెండింటి మధ్య తేడా అర వోల్టుకు మించకూడదు.

ఎర్త్, వాన నీరు

లైట్లు మినుకుమినుకుమంటే మొదట అనుమానించాల్సింది ఎర్త్‌నే. బాడీకి ఎర్త్ కలిపేచోట రంగు గీరి, లోహం కనిపించాక బోల్టు బిగించాలి. రంగుపైనే బిగిస్తే విద్యుత్తుకు దారి ఉండదు. బిగించాక తుప్పు పట్టకుండా గ్రీజు పూయాలి.

గట్టి వాన కురిస్తే రైల్వే వంతెన కింద నీరు నిలవడం లింగంపల్లి వాసులకు కొత్త కాదు. బంపరు కింది లైట్లు, కనెక్టర్లు ఆ నీటిలో మునుగుతాయి. లోపలికి చేరిన నీటితో రాగికి కిలుము పడుతుంది. కిలుము పట్టిన చోట విద్యుత్తుకు అడ్డంకి పెరిగి వేడి పుడుతుంది. వానాకాలం ముగిశాక ఒకసారి కనెక్టర్లు విప్పి చూసుకోవడం మంచిది. అపార్టుమెంట్ల సెల్లార్లలో నిలిపే కార్లకు ఎలుకల బెడద ఉంటుంది. అవి కొరికిన తీగ బయటకు కనిపించదు. లైటు వేసినప్పుడే బయటపడుతుంది.

బైకులకు ప్రత్యేక జాగ్రత్త

చిన్న మోటారు సైకిళ్ల బ్యాటరీ సామర్థ్యం సాధారణంగా 3 నుంచి 5 ఆంపియర్ అవర్లే. 110 వాట్ల హాలోజన్ లైట్లను దానికి కలిపితే ఇంజిను ఆగి ఉన్నప్పుడు అరగంట కూడా రాదు. నడుస్తున్నప్పుడైనా చిన్న ఇంజిన్లలో తయారయ్యే విద్యుత్తు అంత భారాన్ని మోయలేదు. 2017 ఏప్రిల్ నుంచి తయారైన ద్విచక్ర వాహనాల్లో ఇంజిను నడిచినంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఉంటుంది. మిగిలే విద్యుత్తు మరింత తక్కువ. అందుకే బైకులకు తక్కువ వాట్ల ఎల్‌ఈడీ లైట్లే తగినవి. హ్యాండిల్ ఇటూ అటూ తిప్పినప్పుడు తీగ లాగుకుపోకుండా కాస్త వదులుగా ఉంచాలి.

కొత్త కార్లలో లైట్లను కంప్యూటర్ మాడ్యూల్ నియంత్రిస్తుంది. వాటి తీగను గీరి కలిపితే డ్యాష్‌బోర్డుపై లోపం గుర్తు వెలుగుతుంది. రిలే అదేపనిగా కొట్టుకోవచ్చు. ఆ మోడలుకు తయారైన హార్నెస్ వాడటమే మేలు. విద్యుత్తు వాహనాల్లో నారింజ రంగు తొడుగు ఉన్న తీగలు అధిక వోల్టేజీవి. వాటి జోలికి పోరాదు.

ఎదుటివారి మూడు సెకన్లు

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు సుమారు 17 మీటర్లు సాగుతుంది. ఎదుటి లైటు కొట్టి మూడు సెకన్లు కళ్లు చెదిరితే ఆ డ్రైవరు 50 మీటర్లు గుడ్డిగా ప్రయాణించినట్టు లెక్క. ఆ 50 మీటర్లలో రోడ్డు దాటుతున్న మనిషి ఉండవచ్చు. డివైడరు లేని రోడ్డుపై ఆ వాహనం అదుపు తప్పి వచ్చేది లైటు వేసినవారి మీదకే.

అందుకే డ్రైవింగ్ లైట్ల స్విచ్‌కు సరఫరాను బ్యాటరీ నుంచి కాక హైబీమ్ తీగ నుంచే తీసుకోవాలి. అప్పుడు డిప్ కొట్టగానే హైబీమ్‌తో పాటు అదనపు లైట్లూ ఆరిపోతాయి. వేరే స్విచ్ వెతకాల్సిన పని లేదు. స్విచ్‌ను విడిగా బ్యాటరీకి కలిపితే డిప్ చేసినా అవి వెలుగుతూనే ఉంటాయి. చాలా వాహనాలు ఎదుటివారి కళ్లు చెదరగొట్టడానికి ఈ ఒక్క పొరపాటే కారణం.

లైటు దిశనూ సరిచూసుకోవాలి. చదునైన నేలపై గోడకు 8 మీటర్ల దూరంలో వాహనాన్ని నిలిపి, లైటు మధ్యభాగం ఎత్తును గోడపై గుర్తించాలి. కాంతి గాఢంగా పడేచోటు ఆ గుర్తుకు కొంచెం కిందనే ఉండాలి. వెనుక సీట్లలో మనుషులు, డిక్కీలో సామాను ఉంటే వాహనం ముందుభాగం లేచి కాంతి పైకి పోతుందని మరవకూడదు.

నిబంధనలేమంటున్నాయి?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 106వ నిబంధన ముందు లైట్ల గురించి స్పష్టంగా చెబుతోంది. లైటుకు 8 మీటర్ల ముందు, వాహనం కుడి అంచుకు అర మీటరు పక్కగా, ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉన్న వ్యక్తి కళ్లు చెదరకుండా కాంతి కిందికి వంగి ఉండాలి. లేదా డ్రైవరు దాన్ని కిందికి దించగలిగేలా ఉండాలి. వాహనం ముందు స్పాట్ లైట్లు, సెర్చ్ లైట్లు బిగించడాన్ని 111వ నిబంధన నిషేధించింది. ప్రత్యేక పరిస్థితుల్లో రిజిస్టరింగ్ అధికారి అనుమతి ఉంటేనే మినహాయింపు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 182ఏ సెక్షన్ ప్రకారం నిబంధనలు అనుమతించని మార్పు చేయించుకున్న యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. లైట్లు కొనే ముందు రవాణా కార్యాలయంలో వాకబు చేయడం ఉత్తమం. బీమా కంపెనీకీ తెలియజేయాలి. అదనపు విద్యుత్ పరికరాలను కొంత ప్రీమియం చెల్లించి పాలసీలో చేర్పించుకునే వీలుంది. చెప్పకుండా బిగించుకుంటే, రేపు వైరింగ్ వల్ల మంటలు వస్తే పరిహారం వద్ద చిక్కులు తప్పవు.

దుకాణంలో అడగాల్సినవి

రిలే పెడుతున్నారా? ఫ్యూజు ఎన్ని ఆంపియర్లది, బ్యాటరీకి ఎంత దూరంలో ఉంది? తీగ ఎంత మందం? డిప్ కొడితే లైట్లు ఆరుతున్నాయా? ఎర్త్ ఎక్కడ కలిపారు? ఈ ఐదు ప్రశ్నలకు సూటిగా సమాధానం ఇచ్చే మెకానిక్ చేతికే వాహనం అప్పగించాలి. రిలే, ఫ్యూజు హోల్డరు, మంచి తీగ కలిపినా అయ్యే ఖర్చు లైట్ల ధరలో చిన్న భాగమే. ఆ కొద్దిపాటి పొదుపుకు ఆశపడితే పణంగా పెట్టేది వాహనాన్ని మాత్రమే కాదు, అందులో ఇంటికి చేరాల్సిన మనుషులను కూడా.